మందు ధరకి కట్టు వేస్తే పోటీ ఎటు పోతుంది? అపోహలు - వాస్తవాలు

"ఏటండీ బాబూ, గవర్నమెంటు రేటు కట్టిన మందే కదా. ఆ షాపులో ఒక రేటు, ఈ షాపులో ఒక రేటు ఏటి?" ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా మందుల షాపుల్లో రోజూ వినిపించే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఇంట్లో నెలనెలా మందుల ఖర్చు కూలి డబ్బుల్లోంచే రావాలి. అలాంటి జిల్లాలో ధరల నియంత్రణ అక్కర్లేదని మేము అనం. కావాలనే అంటాం. అయితే ధర కట్టిన తీరు కంపెనీల మధ్య పోటీని ఏ పక్కకి తోస్తుందో తెలియకపోతే, తగ్గాల్సిన చోట ధర తగ్గదు. ఒక్కోసారి మందే దొరకదు.

ముందుగా రెండు మూడు మాటలు. షాపువాడు స్టాకిస్టు (టోకు వర్తకుడు) దగ్గర కొనే ధరని వ్యాపారంలో పీటీఆర్ అంటారు. స్ట్రిప్పు మీద అచ్చు వేసేది ఎమ్మార్పీ. అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నవి షెడ్యూల్డ్ మందులు, వ్యవహారంలో 'కంట్రోలు మందులు'. 2022 జాబితాలో అవి 384. వీటికి ఎన్‌పీపీఏ అనే కేంద్ర సంస్థ 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు కింద పైధర కడుతుంది.

అపోహ: ప్రభుత్వం ధర కట్టిందంటే అంతకన్నా తక్కువకి ఆ మందు రాదు.

వాస్తవం: కట్టింది పైకప్పు మాత్రమే. దాని కింద ఎంతకైనా అమ్మవచ్చు. ఆ పైకప్పు ఎక్కడ పడుతుందన్నది లెక్క తీరుని బట్టి ఉంటుంది. ఒకే మందు, ఒకే మోతాదు, ఐదు బ్రాండ్లు ఉన్నాయనుకోండి. పది బిళ్ళల స్ట్రిప్పుకి వాటి పీటీఆర్‌లు 10, 12, 14, 24, 40 రూపాయలు. మొత్తం 100, సగటు 20. దాని మీద షాపువాడి మార్జిన్ 16 శాతం కలిపితే 23.20. ఇదే పైధర. జీఎస్టీ దీని మీద విడిగా పడుతుంది. 5 శాతమైతే 24.36 అవుతుంది.

ఈ లెక్కలో పోటీని ఎటో తోసే మెలికలు రెండున్నాయి. మొదటిది, ఇది మామూలు సగటు. మార్కెట్లో సగం అమ్ముడుపోయే బ్రాండుకీ, రెండు శాతం అమ్ముడుపోయే బ్రాండుకీ లెక్కలో ఒకే బరువు. 40 రూపాయల బ్రాండు ఒక్కటి ఉంటే చాలు, పైకప్పు పైకి లేస్తుంది. రెండోది, ఏడాది అమ్మకాల విలువలో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్లనే లెక్కలోకి తీసుకుంటారు. చిన్న కంపెనీ చవగ్గా అమ్ముతున్నా వాటా ఒక శాతం లోపుంటే అది లెక్కకి రాదు. పై ఉదాహరణలో 10 రూపాయల బ్రాండు అలా జారిపోతే మిగిలిన నాలుగింటి సగటు 22.50, పైధర 26.10. అందరికన్నా చవగ్గా ఇచ్చినవాడు లేకపోవడం వల్ల ఒక్కో స్ట్రిప్పు మీద 2 రూపాయల 90 పైసలు పెరిగాయి.

40 రూపాయలవాడు తప్పనిసరిగా దిగి రావాలి. అది కొనేవాడికి నిజమైన మేలు, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. 10 రూపాయలవాడు తన పాత ధర దగ్గరే ఉండాలి. ఏటా ఏప్రిల్లో టోకు ధరల సూచీ పెరిగినంత మేర మాత్రమే పెంచుకోవచ్చు. మరి కొత్తగా వచ్చే కంపెనీ? 23.20 దాకా ఎక్కడైనా ధర పెట్టుకోవచ్చు. అంతకుముందు ఎదుటివాడి ధర ఎంతో చూసుకుని తగ్గించి రావాల్సి వచ్చేది. ఇప్పుడు గెజిట్‌లో అచ్చయిన అంకె ఒకటి అందరి కళ్ళముందూ ఉంది. కంపెనీలు కూడబలుక్కోనక్కర లేకుండానే ఆ అంకె చుట్టూ చేరతాయి.

అపోహ: ధర కట్టాక కంపెనీలు పోటీ పడడానికి ఇంకేమీ ఉండదు.

వాస్తవం: పోటీ ఉంటుంది. కొనేవాడి కంటికి కనబడని చోటికి పోతుంది. షాపు లెక్క చూడండి. పీటీఆర్ 20, అమ్మకం 23.20, మిగిలేది 3.20. ఇది కొన్న ధర మీద 16 శాతం, అమ్మిన ధర మీద చూస్తే 13.8 శాతమే. అద్దె, ఫార్మసిస్టు జీతం, ఫ్రిజ్ కరెంటు, కాలం చెల్లిన సరుకు అన్నీ అందులోంచే. ఇప్పుడు ఇంకో కంపెనీ రెప్ వచ్చి అదే మందు అదే ధరకి 'పదికి రెండు' స్కీములో ఇస్తానంటాడు. 200 రూపాయలకి 12 స్ట్రిప్పులు. ఒక్కోటి 16.67 పడింది, అమ్మకం మాత్రం 23.20కే. మిగులు 6.53, అంటే పెట్టుబడి మీద 39 శాతం. స్ట్రిప్పు మీద అచ్చు ధరలో పైసా మార్పు లేదు. కంపెనీ వదులుకున్న డబ్బు షాపు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ డబ్బు రోగి దాకా ఎందుకు వెళ్ళదు? 1945 ఔషధ నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) చీటీలో ఒక బ్రాండు రాసి ఉంటే, దాని బదులు మరో బ్రాండుని ఫార్మసిస్టు తనంతట తాను ఇవ్వకూడదు. అంటే బ్రాండు ఎంచేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. ఎంచేవాడికి ధరతో పని లేనప్పుడు, ధర తగ్గించిన కంపెనీకి అమ్మకాలు పెరగవు. అందుకే కంపెనీ ఖర్చంతా డాక్టరు గది వైపూ, స్టాకిస్టు స్కీముల వైపూ మళ్ళుతుంది.

మార్జిన్ శాతంలో ఉండడం మరో చిక్కు. 10 రూపాయల పీటీఆర్ మీద 16 శాతం అంటే రూపాయి అరవై పైసలు. 100 మీద 16 రూపాయలు. షెల్ఫులో రెండూ పట్టే చోటు ఒకటే, బిల్లు కొట్టే శ్రమా ఒకటే. షాపువాడు మంచివాడైనా చెడ్డవాడైనా, చవక మందు ఎక్కువ స్టాకు పెట్టడానికి ఆ లెక్క అతనికి కారణమేదీ ఇవ్వదు. 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సర్ మందులకి వ్యాపార మార్జిన్ 30 శాతం దాటకూడదని కట్టినప్పుడు చాలా బ్రాండ్ల ఎమ్మార్పీలు బాగా దిగాయి. మంచి పని. కానీ అక్కడా పరిమితి శాతమే కాబట్టి, కంపెనీ మొదటి ధర ఎక్కువగా ఉంటే కింద అందరికీ రూపాయల్లో మార్జిన్ ఎక్కువే వస్తుంది.

యూరియా అమ్మే ఊళ్ళలో ఇదే లెక్క వేరే వేషంలో కనిపిస్తుంది. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలకి కట్టి ఉంది. ఖరీఫ్‌లో సరుకు బిగిసినప్పుడు డీలరు ధర పెంచలేడు. అప్పుడు జింకు ప్యాకెట్టో, నానో యూరియా సీసానో కొంటేనే బస్తా అని అంటగడతాడు. అది నిబంధనలకి విరుద్ధం, రైతు ఫిర్యాదు చేయాల్సిందే. ధరని ఒకచోట బిగిస్తే లాభం ఏ సందులోంచి బయటికి వస్తుందో చూపడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ లేదు.

అపోహ: కంట్రోలు లేని మందులకీ ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న హద్దు ఉంది కాబట్టి వాటి ధరలూ అదుపులోనే ఉంటాయి.

వాస్తవం: హద్దు ఉన్నది పెరుగుదలకి. మొదటి ధరకి హద్దు లేదు. దీనివల్ల కంపెనీ రెండు పనులు చేస్తుంది. మొదటిది, మార్కెట్లోకి వచ్చేటప్పుడే ధర ఎత్తుగా పెడుతుంది. 100 పెట్టగలిగిన చోట 80 పెట్టి గిరాకీ సంపాదించి తర్వాత పెంచుకుందామంటే నిబంధన ఏడాదికి 10 శాతం మించి పెంచనివ్వదు. రెండోది, ఖర్చు పెరిగినా పెరగకపోయినా ఏటా 10 శాతం పెంచేస్తుంది. 100 రూపాయల మందు మూడేళ్ళలో 133.10 అవుతుంది. మూడేళ్ళపాటు 80 దగ్గర నిలబడ్డ కంపెనీ నాలుగో ఏడు ముడిసరుకు ధర మండినా 88 దాటలేదు. ఓపిక పట్టిన కంపెనీకి దెబ్బ, ఏటా పెంచిన కంపెనీకి రక్షణ. పైకి ఎగబాకకుండా కట్టిన తాడు మెట్టు మెట్టుకీ ఎక్కించే నిచ్చెనగా పనిచేస్తోంది.

అపోహ: మందు పేరు జాబితాలో ఉంటే అది ఏ రూపంలో ఉన్నా ధర కట్టినట్టే.

వాస్తవం: జాబితాలో ఉండేది పేరొక్కటే కాదు, మోతాదు, రూపం కూడా రాసి ఉంటాయి. పైధర సరిగ్గా దానికే. 2011 జాబితాలో పారాసిటమాల్ బిళ్ళ 500 మిల్లీగ్రాములదే ఉంది. 650ది 2015 జాబితాలో చేరింది. మధ్యలో ఆ రెండు మోతాదులూ పక్కపక్కనే ఒకే షెల్ఫులో ఉన్నాయి, ఒకదానికి పైకప్పు, రెండోదానికి లేదు. కంపెనీ ప్రచారం ఏ బిళ్ళ వైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండు మూడు మందులు కలిపిన బిళ్ళల సంగతి ఇంకా చిక్కు. జాబితా మందుని తయారు చేస్తున్న కంపెనీయే దానికి ఇంకోటి కలిపినా, మోతాదు మార్చినా అది 'కొత్త మందు' కింద లెక్క. ధరకి ఎన్‌పీపీఏ అనుమతి కావాలి. ఆ మందుని ఇంతవరకూ తయారు చేయని కంపెనీ నేరుగా కలిపిన బిళ్ళతో వస్తే ఆ నిర్వచనంలోకి రాదు. దాంతో అసలైన ఒంటి మందులో పోటీ పలచబడుతుంది, కలిపిన బిళ్ళల్లో డజన్ల బ్రాండ్లు పుడతాయి. షుగరు, బీపీ మందుల షెల్ఫు చూస్తే ఇది ఎవరికైనా కనబడుతుంది. కలిపిన బిళ్ళ కొందరికి నిజంగా అవసరమే. అవసరం లేనివాడికి కూడా అదే రాస్తే అతను రెండో మందుకి ఊరికే డబ్బు కడుతున్నట్టు, ఊరికే మింగుతున్నట్టు.

అపోహ: ధర ఎంత బిగిస్తే అంత మంచిది, నష్టం కంపెనీకే.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరిగే నష్టమే అన్నిటికన్నా పెద్దది.

బిళ్ళ ధరలో పెద్ద భాగం ముడి ఔషధానిది, వ్యాపారంలో బల్క్ డ్రగ్ అనేది. మన పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో తయారయ్యేవి చాలావరకూ ఇవే. 1995 ఉత్తర్వు 74 బల్క్ డ్రగ్స్‌ని అదుపులో పెట్టింది. 2013 ఉత్తర్వు ముడి ఔషధాన్ని వదిలేసి, తయారైన బిళ్ళకి, సీసాకి మాత్రమే పైధర కడుతోంది. దాంతో బిళ్ళ తయారుచేసేవాడికి అమ్మే ధర బిగిసి ఉంటుంది, కొనే ధర వదులుగా ఉంటుంది. సొంతంగా బల్క్ డ్రగ్ తయారుచేసుకునే పెద్ద కంపెనీ ఈ ఒత్తిడి తట్టుకుంటుంది. బయట కొని బిళ్ళ కొట్టే చిన్న యూనిట్ తట్టుకోలేదు. తయారీ ప్రమాణాల షెడ్యూల్ ఎం కూడా కొత్తగా గట్టిపడింది. 250 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్ళకి గడువు 2025 చివరిదాకా ఇచ్చారు. ఆ ప్రమాణాలు ఉండాల్సిందే, నాసిరకం మందుని ఎవరూ సమర్థించరు. వాటికయ్యే ఖర్చుకి మాత్రం పైధర లెక్కలో చోటు లేదు.

పైధర ఏటా టోకు సూచీ ప్రకారం కదులుతుంది. ఆ సూచీలో డీజిల్ ఉంటుంది, ఉల్లిపాయ ఉంటుంది, ఇనుము ఉంటుంది. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు. 2024లో వచ్చింది 0.00551 శాతం. 20 రూపాయల మందుకి అది పైసాలో పదో వంతు. ఆ ఏడు ఒక ముడి ఔషధం ధర రెట్టింపు అయినా సూచీకి తెలియదు.

ఇలాంటప్పుడు కంపెనీ గొడవ పెట్టదు. ఆ మందు బ్యాచ్‌లు తగ్గిస్తుంది, తర్వాత ఆపేస్తుంది. ఆపేముందు ఆరు నెలల నోటీసు ఇవ్వాలి, అవసరమైతే ఏడాది దాకా కొనసాగించమని ఎన్‌పీపీఏ ఆదేశించవచ్చు. చట్టంలో ఉన్న మాట అది. నోటీసు ఇవ్వకుండా ఉత్పత్తిని సన్నగిల్లజేస్తే పట్టుకోవడం కష్టం. ముందు చిన్నవాళ్ళు పోతారు, ఎనిమిది మంది ఉన్నచోట ఇద్దరు మిగులుతారు. చవగ్గా ఉండాలని కట్టిన ధర ఇద్దరి గుత్తాధిపత్యం దగ్గర తేలుతుంది.

ఇది ఊహ కాదని ప్రభుత్వమే చేతలతో ఒప్పుకుంది. ఉత్తర్వులో 19వ పేరా కింద అసాధారణ పరిస్థితుల్లో ధర మార్చవచ్చు. 2019 డిసెంబరులో 21 మందులకి ఒకేసారి 50 శాతం పెంచారు. వాటిలో బీసీజీ టీకా, పెన్సిలిన్, క్లోరోక్విన్, కుష్ఠుకి ఇచ్చే డాప్సోన్ ఉన్నాయి. 2024 అక్టోబరులో మరో ఎనిమిది మందులకి అంతే పెంచారు: ఉబ్బసానికి సాల్బుటమాల్, మానసిక జబ్బుకి లిథియం, పురుగుమందు తాగినవాళ్ళకి ప్రాణం పోసే ఎట్రోపిన్ వాటిలోవి. అన్నీ పాతవి, చవకవి, బదులు దొరకనివి. కారణం గిట్టుబాటు కాక కంపెనీలు వదిలేస్తామని మొరపెట్టుకోవడమే.

ఉద్దానంవాళ్ళకి దగ్గరగా తగిలే ఉదాహరణ హెపారిన్. డయాలిసిస్‌లో రక్తం గొట్టాల్లో గడ్డకట్టకుండా ఇచ్చేది ఇదే. దీని ముడిసరుకు పంది పేగుల నుంచి తీస్తారు, చాలాభాగం చైనా నుంచి వస్తుంది. అక్కడ ధర పెరిగి, ఇక్కడ పైధర కదలకపోవడంతో 2020 జూన్ చివర్లో 50 శాతం పెంచాల్సి వచ్చింది. పలాసలోనో సోంపేటలోనో వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్ళే మనిషికి వయలు (ఇంజెక్షను మందు సీసా) మీద పెరిగిన కొన్ని రూపాయలు భారమే. వయలు లేకపోతే ఆ పూట డయాలిసిస్సే కష్టమవుతుంది.

విజయనగరం జిల్లా నారమిల్లుల వాళ్ళు ఇలాంటిదే చూశారు. 2021 సెప్టెంబరు చివర్లో ముడి జనుము క్వింటాలుకి 6,500 రూపాయలు మించి అమ్మకూడదని కట్టారు. బయట ధర అంతకన్నా పైనే ఉంది. ఆ ధరకి సరుకు దొరకదు, సంచుల ధర మాత్రం ఆ లెక్కనే వస్తుంది. బెంగాల్లో మిల్లులు మూతపడ్డాక 2022 మే 20 నుంచి ఆ హద్దు ఎత్తేశారు.

అపోహ: గుండె స్టెంటుకి ధర కట్టాక అన్ని స్టెంట్లూ ఒకటే.

వాస్తవం: 2017 ఫిబ్రవరిలో మామూలు స్టెంటుకి 7,260, మందు పూసిన స్టెంటుకి 29,600 కట్టారు. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన చోట అది పెద్ద ఊరట. కానీ మందు పూసినవన్నీ ఒకే గాటన కట్టడంతో పాత తరంవీ, కొత్త తరంవీ ఒకే ధర. కొన్ని కంపెనీలు ఖరీదైన రకాల్ని వెనక్కి తీసుకుంటామని దరఖాస్తు పెట్టాయి. స్టెంటు ఆసుపత్రి బిల్లులో ఒక వరస మాత్రమే కాబట్టి, ప్యాకేజీ మొత్తం ఎంతో అడిగి రాయించుకోండి.

అపోహ: ఎమ్మార్పీ కన్నా తక్కువకి అమ్మితే నకిలీ మందే, లేదా అది చట్టవిరుద్ధం.

వాస్తవం: రెండూ తప్పు. తగ్గించి అమ్మడం పూర్తిగా చట్టబద్ధం. బిల్లు, బ్యాచ్ నంబరు ఉన్నాయా అన్నదే చూడాల్సింది. డిస్కౌంట్ ఇవ్వొద్దని వర్తకులు కట్టుబాటు చేసుకోవడమూ, సంఘం నిరభ్యంతర పత్రం లేనిదే కొత్త స్టాకిస్టుకి సరుకు ఇవ్వొద్దని కంపెనీల మీద ఒత్తిడి తేవడమూ 2002 పోటీ చట్టానికి విరుద్ధం. ఔషధ వర్తక సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి ఉత్తర్వులు ఇచ్చింది. చిక్కేమిటంటే, ఉత్తర్వులో రాసిన 16 శాతం, కంట్రోలు లేనివాటికి వాడుకలో ఉన్న 20 శాతం ఏళ్ళ తరబడి 'మా హక్కు' అన్న అర్థంలో స్థిరపడిపోయాయి. లెక్క కోసం రాసుకున్న అంకె కనీస మార్జిన్‌గా మారింది.

ఇంకోటి. కంట్రోలు బ్రాండు మీద 20 శాతం డిస్కౌంట్ బోర్డు చూస్తే, 13.8 శాతంలోంచి 20 ఎలా వస్తుందని అడగండి. స్కీము సరుకులోంచి రావచ్చు, కంట్రోలు లేని వేరే మందుల మార్జిన్ లోంచి రావచ్చు. అందుకే ఒక్క మందు డిస్కౌంట్ చూసి మురిసిపోకుండా చీటీ మొత్తానికి ఎంతైందో పోల్చుకోవాలి.

పోల్చే పద్ధతి చెబుతాం. డాక్టరు గారిని బ్రాండుతో పాటు మందు అసలు పేరు, మోతాదు కూడా రాయమని అడగండి. షాపులో స్ట్రిప్పు ధరని బిళ్ళల సంఖ్యతో భాగించండి. పదీ పదిహేనూ ఇరవై బిళ్ళల స్ట్రిప్పులుంటాయి, ధర పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో పైధర చూడండి. తర్వాత అదే మందు జన ఔషధి కేంద్రంలో ఎంతో అడగండి. అక్కడి ధర పేరున్న మూడు బ్రాండ్ల సగటులో సగం దాటకూడదన్నది పద్ధతి, కాబట్టి పైకప్పుకీ నిజంగా సాధ్యమైన ధరకీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. బ్రాండు మార్చాలనుకుంటే, ముఖ్యంగా మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందుల్లో, డాక్టరుకి చెప్పకుండా మార్చొద్దు.

పైధర మించి తీసుకుంటే బిల్లు, స్ట్రిప్పు రెండూ దాచి జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాయండి. మందు దొరక్కపోతే ఊరుకోవద్దు. ఎన్‌పీపీఏ 'ఫార్మా జన్ సమాధాన్'లో మందు పేరు, మోతాదు, ఏ ఊళ్ళో ఎన్ని షాపుల్లో అడిగారో, ఏ తేదీ నుంచి లేదో నమోదు చేయండి. షాపులవాళ్ళు స్టాకిస్టుకి పెట్టిన ఆర్డరు, అతను పంపిన పరిమాణం నెలవారీ రాసి ఉంచితే ఇంకా గట్టి ఆధారం. ఆర్డరు వంద, వచ్చింది నలభై, తర్వాతి నెల పదిహేను: కంపెనీ నోటీసు ఇవ్వకుండా మందు ఆపేస్తోందని చూపించగలిగేది ఆ మూడు అంకెలే.